చుక్కల హాజరు

మా వదిన ఏ తలుపూ ఊరికే వెయ్యదు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగుతుంది. జవాబు రాకపోతే అప్పుడు గడియ పెడుతుంది. ఇంట్లో ఉండేది మా అన్నయ్య, వదిన, నేను, ముగ్గురమే. ముగ్గురం ముందుగదిలో కూర్చుని టీ తాగుతున్నా సరే, వంటింటి తలుపు వేసేముందు ఆ ఖాళీ వంటింటిని కూడా ఒక మాట అడిగి వస్తుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత ఆ ప్రశ్న వింటేనే ఒళ్లు మండే రోజులొచ్చాయి. ఇదంతా ఆ రోజుల గురించే.

వదిన ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఇన్‌చార్జి. నలభై కంప్యూటర్లు, నలభై స్టూళ్లు, ఒక ముసలి ఏసీ. ఆ ఏసీ చేసే రొదలో పక్కవాళ్లు అరిచినా వినపడదు. పెళ్లయి మా ఇంటికొచ్చిన రెండో ఏడు, ఒక సాయంత్రం ల్యాబుకి తాళం వేసి వచ్చేసింది. చివరి వరసలో ఒక అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పని చేసుకుంటూ ఉండిపోయింది. రెండు గంటల తర్వాత వాచ్‌మన్ తలుపు బాదుతున్న చప్పుడు విని తీశాడు. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు, పైగా ఈ వంకతో రికార్డు పూర్తయిందని సంబరపడిందట. వదిన మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నేను వెనక్కి తిరిగి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది" అని అన్నయ్య దగ్గర అంటూనే ఉంది. అప్పట్నుంచి పట్టుకుంది ఆ ప్రశ్న, ఇప్పటిదాకా వదల్లేదు.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే కథ ముందుకి నడవదు. నాకు పుట్టినప్పట్నుంచీ చూపు లేదు. ఈ మాట వినగానే గొంతు మెత్తబరుచుకుని మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు, కాబట్టి ఎవరూ ఆ పని చెయ్యకండి. బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌ని, పదిహేడేళ్ల సర్వీసు. దళసరి కాగితం మీద యంత్రం చుక్కలు గుద్దుతుంది, నేను వేళ్లతో తడిమి తప్పులు పడతాను. తప్పులు పట్టడం నేను ఉద్యోగంలో నేర్చుకున్నది కాదని, పుట్టుకతో తెచ్చుకున్నదని మా అన్నయ్య అంటాడు. వాడి తప్పులు ముందు నేనే పట్టాను మరి.

వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు నా పక్కన కూర్చుని, ఆ చుక్కలు నాకూ నేర్పించమంది. మూడు వారాల్లో నేర్చేసుకుంది. కళ్లతో చూసి చదువుతోందని పట్టుకుని, అది దొంగచదువని తిట్టాను. మర్నాటి నుంచి కళ్లకి తువ్వాలు కట్టుకుని కూర్చుంది. అలా నేర్చుకున్న మనిషి ఊరుకోదుగా. మామూలు అక్షరాలిస్తే బ్రెయిలీ చుక్కల్లోకి మార్చి యంత్రానికి అందించే ప్రోగ్రాము ఒకటి రాసింది. దానికి "చుక్కలు" అని పేరు పెట్టింది. పేరుకి తగ్గట్టే ఇంటిల్లిపాదికీ చుక్కలు చూపించింది అది.

దాన్ని తన దగ్గర దాచుకోలేదు వదిన. ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల రాసిందంతా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. కొన్నాళ్లకి ఎక్కడెక్కడి బడులవాళ్లో, గ్రంథాలయాలవాళ్లో వాడటం మొదలుపెట్టారు. మొహం తెలియని మనుషులు తప్పులు దిద్ది పంపేవాళ్లు. ఆదివారం వస్తే మా ఇంట్లో బట్టలు ఉతకడం ఆగేది, చుక్కలు దిద్దడం ఆగేది కాదు.

ఇక కంపైలర్ సంగతి. వదిన నాకు చెప్పినట్టే చెప్తాను. చుక్కలు వండి పంపే సరుకు కాదు. దినుసులు పంపుతారు, ఎవరి ఇంట్లో వాళ్లు వండుకోవాలి, ఎందుకంటే ఒక్కో చోట ఒక్కో రకం అచ్చుయంత్రం. ప్రోగ్రాములో రాసిన రాతని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా వండిపెట్టే పొయ్యి పేరు కంపైలర్. నాలుగైదేళ్లకోసారి పొయ్యిలు మారుతుంటాయి. కొత్త పొయ్యి కోసం రాసింది పాత పొయ్యి మీద ఉడకదు. పాత కంప్యూటర్లున్నవాళ్ల దగ్గర పాత పొయ్యే ఉంటుంది. అందుకని ఎప్పుడు మారాలన్నది పెద్ద తగువు. తొందరగా మారితే పాతవాళ్లు ఆకలితో ఉంటారు. మారకుండా కూర్చుంటే కొత్తగా వచ్చే మంచి సామానంతా వాకిట్లోనే ఉండిపోతుంది.

ఈ తగువుకి వదిన తన తలుపు పద్ధతే పెట్టింది. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో అందరికీ ఒక మెయిలు పంపేది. పైన "హాజరు" అని ఒక్క మాట. మధ్యలో పాత కంపైలర్, కొత్త కంపైలర్ అంటూ పెద్ద వివరం, పాతదాంతోనే నడిపేవాళ్లు ఒక్కరున్నా ఇంకో ఏడాది ఆగుతామని హామీ. చివర "ఉంటే ఉన్నాం అని రాస్తే చాలు" అని ఒక వాక్యం. మొదటి ఏడు పదకొండు మంది ఉన్నామన్నారు. మరుసటేడు అయిదుగురు, ఆ పైన ఇద్దరు. నాలుగో ఏడు ఒక్క జవాబే వచ్చింది. ఎక్కడో దూరంగా ఉన్న ఒక చిన్న అంధుల బడి నుంచి, అక్కడి అచ్చుగది చూసుకునే మేష్టారు రాశారు, "ఉన్నాం" అని. అయిదో ఏడూ ఆయనే. ఆరో ఏడూ, ఏడో ఏడూ ఆయనే. ఇంకో మాట ఉండేది కాదు, కింద బడి పేరు, ఫోన్ నంబరు అంతే. నేను ఆయనకి ఉన్నామయ్య అని పేరు పెట్టాను. "ఇంకో ఏడాది చూద్దాం" అనేది వదిన. ఆ మాట ఆవిడ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆగడం వదినకి పుణ్యం, నాకు పాపం. ఎలాగంటారా. మా ప్రెస్సుకి ఏటా ఏదో ఒక తరగతి లెక్కల పుస్తకం వస్తుంది, ఈ ఏడు పదో తరగతిది. బ్రెయిలీలో భిన్నం రాయాలంటే అది ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఒక గుర్తు, ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఇంకో గుర్తు ఉంటాయి. భిన్నం లోపల ఇంకో భిన్నం వస్తే చుక్కలకి మతిపోయేది, లోపలి దాని ముగింపు గుర్తు మింగేసేది. చదివే పిల్లకి లెక్క మొత్తం తారుమారు. చుక్క ఎక్కువ పడితే గోటితో అణిచెయ్యొచ్చు. గుర్తే పడకపోతే చోటు ఎక్కణ్ణుంచి తేను? ఏ పేజీ, ఎన్నో వరస, ఎన్నో గడి అని నేను చెప్పాలి, మా యంత్రం నడిపే పెద్దాయన కంప్యూటర్‌లో చేత్తో దిద్దాలి, పేజీ మళ్లీ గుద్దాలి, నేను మళ్లీ చదవాలి. పదిహేను సంపుటాల పుస్తకం. సాయంత్రానికి చూపుడువేలు మొద్దుబారి, ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలిసేది కాదు.

పెద్దాయన మంచివాడే గానీ సమయం సందర్భం తెలీదు. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా తెచ్చి నా బల్ల పక్కన నిలబడి మొదటి వాక్యం నుంచి చదవడం మొదలెడతాడు. ఫ్యాన్ల గురించి ఒకటి, కుర్చీల గురించి ఒకటి, కంప్యూటర్ల గురించి ఒకటి. గదిలో సీనియర్‌ని నేనే కాబట్టి జవాబు నేనే చెప్పాలి. వేలి కింద భిన్నం తెగిపోయి నేను తల పట్టుకుని ఉంటే, ఈ కుర్చీల గోలేమిటి. రెండో వాక్యం దాకా కూడా వెళ్లనిచ్చేదాన్ని కాదు. "అన్నీ ఉన్నాయని రాసి పంపెయ్యండి" అనేదాన్ని. రాసి, నా చేత సంతకం పెట్టించుకుని పంపేసేవాడు.

మూడేళ్ల కిందట చుక్కల పనిలోకి ఒకతను వచ్చాడు. వదినకంటే పదేళ్లు చిన్న, ఎక్కడో ఉంటాడు, ఫోన్‌లోనే పరిచయం. వదినని అక్కా అంటాడు. మాట కంటే ముందు ఊపిరి, ఊపిరి కంటే ముందు మాట అన్నట్టుంటుంది ఆయన వరస, అందుకే ఆయనకి తొందరయ్య అని పేరు పడింది, పెట్టింది నేనే. కానీ పనిమంతుడు. భిన్నాల జబ్బు ఎక్కడుందో వచ్చిన నెలలోనే కనిపెట్టాడు. దానికి మందు కూడా రాశాడు. చిక్కేమిటంటే ఆ మందు కొత్త కంపైలర్ మీదే ఉడుకుతుంది. పాతదాని మీద ఉడికేలా రాయాలంటే నాలుగింతల పని అని, ఆ చాకిరీ తన వల్ల కాదని మొదట్లోనే చెప్పేశాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో నాకూ వదినకీ పడేది కాదు. నా వేళ్లు చూపించి దెబ్బలాడేదాన్ని. మందు తయారై సీసాలో ఉంది, మూత తియ్యనంటోంది ఈవిడ, అదీ ఒక్క ఉన్నామయ్య కోసం. మా అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు, పేజీ తిప్పిన చప్పుడు కూడా రానిచ్చేవాడు కాదు. మా ప్రెస్సు తరఫున ఇంట్లో నేనే ఉన్నానని హాజరు మెయిలు అక్కడికి పంపేది కాదు వదిన, మధ్యలో ఒకసారి మాత్రం మా ప్రెస్సులో కంప్యూటర్ సంగతేమిటని నన్ను అడిగింది. రెండేళ్ల కిందటే కొత్తదొచ్చింది, కీబోర్డు వెన్నలా ఉంది, మా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పాను. ఒకరోజు మాత్రం కడుపులోది కక్కేశాను.

"మొహం తెలియని ఒక్క మనిషి కోసం నాలుగేళ్లు ఆగుతావు. ఇంట్లో ఉన్న నా కోసం ఒక్క అడుగు వెయ్యవు."

వదిన చేతిలో గిన్నె తుడుస్తున్న బట్ట ఆగింది.

"నువ్వు నా నెత్తి మీద కూర్చుని అడగగలవు" అంది చివరికి. "ఆయన అడగలేడు. తలుపు అవతల ఎవరున్నారో నాకు కనపడదు కదా."

"నాకూ కనపడదు. అయినా నేను రోజూ తలుపులు వేస్తూనే ఉన్నాను."

దానికి ఇద్దరం నవ్వాల్సింది. ఎవరం నవ్వలేదు.

పోయిన సెప్టెంబరులో తొందరయ్య ఫోన్ చేసి చివరి మాట చెప్పేశాడు. ఈ ఏటి హాజరుకి కూడా ఆగుదామంటే తను తన మందు తీసుకుని వేరే కాపురం పెట్టుకుంటాడు, చుక్కలు పేరుతో కాకుండా ఇంకో పేరుతో. కోపంగా కూడా చెప్పలేదు, అలిసిపోయినట్టు చెప్పాడు. వదిన ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. పదేళ్లు పెంచిన పని రెండు ముక్కలైతే, ఉన్న పదిమంది మనుషుల్లో అయిదుగురు అటు పోతారు. ఇటు మిగిలేది వదిన, పాత పొయ్యి, తెగిపోయిన భిన్నాలు.

వదిన హాజరు మెయిలు పంపింది. మూడు రోజులు ఎవరూ పలకలేదు. నాలుగో రోజు జవాబొచ్చింది. కంప్యూటర్‌లో మెయిలు చదివిపెట్టే యంత్రపు గొంతు ఏ భావమూ లేకుండా "ఉన్నాం" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వదిన స్నానానికి వెళ్లిన సమయం చూసి, ఆ మెయిలు కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. మీ పాత డబ్బా వల్ల ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా అని అడగాలని పళ్లు నూరుకుంటూనే చేశాను.

ఎత్తింది ఆయనే. వెనకాల పిల్లలు పాఠం అప్పజెప్తున్న గోల. ఫలానా చుక్కల ప్రోగ్రాము తాలూకు ఇంటి నుంచి అనగానే ఆయన గొంతు విచ్చుకుంది. ఇన్నేళ్లకి మనిషి గొంతు వినిపించారు తల్లీ అన్నాడు. ఆయనకీ చూపు లేదట. కుశలప్రశ్నలు అయ్యేదాకా ఓపిక పట్టి, మీ కంప్యూటర్ ఎన్నాళ్లనాటిదండీ అని అడిగాను.

"కొత్తదేనమ్మా. నాలుగేళ్లు దాటింది వచ్చి. మా పాత విద్యార్థి ఒకాయన ఇచ్చాడు, భేషుగ్గా ఉంది."

"మరి ఏటా ఉన్నాం అని ఎందుకు రాస్తున్నారు?"

"ఉన్నాం కదమ్మా" అన్నాడాయన, ఇందులో అడగడానికేముందన్నట్టు. "హాజరు పిలిచారు. పలక్కపోతే పేరు కొట్టేస్తారు. మావంటి చిన్న బడుల పేర్లు జాబితాల్లోంచి కొట్టెయ్యడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి."

మధ్యలో ఉన్న వివరమంతా చదవలేదా అన్నాను. పొడుగ్గా ఉంది, పిల్లలు క్లాసులో ఉన్నారు, మొదటి మాటా చివరి మాటా విన్నాను, సరిపోయిందనుకున్నాను అన్నాడు. అప్పుడు నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. చదవకుండా జవాబులిచ్చే మనుషుల వల్ల లోకంలో ఎన్ని పనులు చెడతాయో చెప్పాను. మీ ఒక్క మాట పట్టుకుని మా వదిన నాలుగేళ్లు ఆగిపోయిందన్నాను. పెద్దమనిషి చివరిదాకా విన్నాడు. చాలా చిన్న గొంతుతో, "అయితే మా పేరు తీసేస్తారామ్మా?" అని అడిగాడు. తియ్యరని చెప్పి పెట్టేశాను.

వదిన తల తుడుచుకుంటూ వచ్చి మొత్తం విని మంచం మీద కూలబడింది. నవ్వుతుందేమోనని చూశాను. అరుస్తుందేమోనని కూడా చూశాను. "నాలుగేళ్లు" అంది, అంతే. తర్వాత లేచి వెళ్లి తొందరయ్యకి ఫోన్ చేసి, కొత్త కంపైలర్‌కి మారిపోతున్నామని చెప్పింది. ఆ చెప్పడంలో కూడా ఒకటికి రెండుసార్లు ఆగింది, ఇంకెవరైనా పలుకుతారేమోనని వింటున్నట్టు. నేనే వెనక నుంచి "ఎవరూ లేరు వదినా, గడియ పెట్టెయ్" అన్నాను.

ఆదివారానికల్లా తొందరయ్య మందు చుక్కల్లోకి వచ్చేసింది. మా ఇంట్లో పిన్నులు లేచి పడే చిన్న పలక ఒకటుంది, కంప్యూటర్‌కి తగిలిస్తే వేళ్ల కింద ఒక్కో వరసా బ్రెయిలీలో పలుకుతుంది. వదిన లెక్కల పుస్తకంలో నన్ను ఎక్కువ ఏడిపించిన పేజీ తీసి పెట్టింది. భిన్నంలో భిన్నం, దాని లోపల ఇంకోటి. వేలు పెట్టి నడిపించాను. లోపలిది ముగిసింది. దాని పైది ముగిసింది. బయటిది ముగిసింది. ఎక్కడివి అక్కడ. నేను మళ్లీ మొదటికి వెళ్లి చదివాను, మళ్లీ చదివాను. కళ్లలో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు. ఇంక నా వేలికి సెలవే అని అన్నయ్యతో అన్నాను.

సోమవారం పొద్దున ప్రెస్సుకి వెళ్లేసరికి మా గది నిశ్శబ్దంగా ఉంది. పదిహేడేళ్లలో ఆ గదిని నిశ్శబ్దంగా నేను ఎరగను. ప్రతి సోమవారం పెద్దాయన ఒక మీట నొక్కుతాడు, చుక్కలు తనంతట తాను కొత్త సరుకు దింపుకుని వండుకుంటుంది. ఆ రోజూ నొక్కాడట. ఏదో రెండు పేజీల ఇంగ్లీషు వచ్చి ఆగిపోయిందట, అప్పట్నుంచి యంత్రం ఉలకదు పలకదు. వదినకి ఫోన్ చేశాను. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. మా ప్రెస్సు గదిలో అడుగుపెట్టడం ఆవిడకి అదే మొదటిసారి. అక్కడి కంప్యూటర్‌ని అమ్మినవాళ్ల ఇంజనీరే అన్నీ పెట్టి వెళ్లాడు, ఆవిడ పని ఏనాడూ పడలేదు.

వదిన బల్ల కిందకి దూరింది. అక్కడి దుమ్ముకి గట్టిగా తుమ్మింది.

"మీకు కొత్త కంప్యూటర్ వచ్చిందన్నావు."

"వచ్చింది. కీబోర్డు నువ్వే చూడు" అన్నాను.

"కీబోర్డే వచ్చింది" అంది వదిన బల్ల కింద నుంచి. "తెర కూడా మార్చారు. డబ్బా మాత్రం పన్నెండేళ్లనాటిది. కంపైలర్ పాతదే."

పెద్దాయన అవునమ్మా అన్నాడు, అప్పుడు మార్చింది కీబోర్డూ తెరే కదా అన్నాడు, తనని ఎవరూ అడగలేదన్నాడు. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. వదిన పైకి వచ్చి నా పక్కన నిలబడింది. చీరకి అంటిన దుమ్ము దులుపుకుంటోంది, దులిపింది చాలాసేపు.

"ఇన్నేళ్లూ నేను ఆగింది మీ కోసమేనన్నమాట" అంది.

ఆవిడ దెప్పిపొడవడానికి అనలేదు. తెలిసిన సంగతిని పైకి చెప్పింది. అదే నాకు ఎక్కువ కాలింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మేష్టారు చదవకుండా రాసిన మాట నాలుగేళ్లు మా యంత్రాన్ని నడిపింది. నేను ఆయన నోరు మూయించాను, నాలుగో రోజుకి నా యంత్రం ఆగిపోయింది.

గంటలో వదిన పాత చుక్కలని తిరిగి పెట్టి యంత్రాన్ని కదిలించింది. దానికేం, నడుస్తుంది, తెగిన భిన్నాలతో సహా. ఆదివారం నేను మూడుసార్లు చదువుకున్న ఆ పేజీ మాత్రం ఈ యంత్రం లోంచి రాదు. కంప్యూటర్ మారితే తప్ప రాదు. నేను కర్ర తీసుకుని నేరుగా ఆఫీసు గదికి వెళ్లాను, సూపరింటెండెంటు గారితో తేల్చుకుందామని. ఇన్నేళ్లుగా పన్నెండేళ్లనాటి డబ్బాతో పిల్లల పుస్తకాలు వేయిస్తారా అని మొదలుపెట్టి ఆపకుండా అడిగాను. ఆయన నన్ను కూర్చోమని, బీరువా తెరిచి ఫైలు తీయించాడు. పేజీలు తిప్పిన చప్పుడు.

"మార్చవలసిన కంప్యూటర్లు ఏ గదిలో ఉన్నా వయసుతో సహా రాయండి అని ఏటా కాగితం పంపుతున్నాం మేడమ్. మీ గది నుంచి ఏటా జవాబు వచ్చింది. చదవమంటారా?"

చదవమన్నాను.

"అన్నీ ఉన్నాయి" అని చదివాడు. పేజీ తిప్పాడు. "అన్నీ ఉన్నాయి." ఇంకో పేజీ. "అన్నీ ఉన్నాయి. కింద మీ సంతకం."

అన్నీ ఉన్నాయంటే ఏమీ పోలేదని కదా నా ఉద్దేశం, ఏదో సామాన్ల తనిఖీ అనుకున్నానని అన్నాను. "అన్నీ ఉన్నాయంటే ఇంకేమీ అక్కర్లేదనే కదా మేడమ్ మేం అనుకునేది" అన్నాడాయన, చాలా మర్యాదగా. ఈ ఏటి జాబితా పోయిన వారమే పైకి వెళ్లిపోయిందట. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నానో నాకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

తిరిగొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఏడో సంపుటం, నలభైరెండో పేజీ. నాలుగో వరసలో భిన్నం తెగింది. పెద్దాయనకి గడి నంబరు చెప్పాను. కోపం గొంతు దాకా ఉంది గానీ ఎవరి మీద పొయ్యాలో తెలీలేదు. పెద్దాయన కాగితాన్ని మొదటి వాక్యం నుంచే చదివేవాడు, ఆపమన్నది నేను. మేష్టారు కనీసం మొదటి మాటా చివరి మాటా విన్నాడు. నేను అదీ వినలేదు. ఆయనకి రేపు ఫోన్ చెయ్యాలి. ఏమని మొదలుపెట్టాలో ఇప్పటికీ తోచడం లేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి వదిన కంప్యూటర్ ముందు ఉంది, మీటల చప్పుడు వినిపిస్తోంది. ఫైలు సంగతి మొత్తం చెప్పాను, ఏమీ దాచలేదు. అన్నయ్య పేపరు కిందికి దించాడు, నవ్వు ఆపుకోలేక దగ్గుగా మార్చుకున్నాడు. వదిన మీటలు నొక్కడం ఆపలేదు. ఏం చేస్తున్నావన్నాను. తొందరయ్య రాసిన భిన్నాల మందుని పాత కంపైలర్ మీద ఉడికేలా విడదీసి తిరగరాస్తోందట. తొందరయ్యని అడిగితే, కొత్త కంపైలర్ కోసం ఎంతైనా చేస్తాను గానీ పాతదాని జోలికి నన్ను పిలవకక్కా అన్నాడట. ఒక్కత్తే చెయ్యాలి. ఆదివారాలన్నీ పోసినా ఆరు నెలలు పడుతుంది. ఈ ఏటి పుస్తకానికి అందదు, ఆ పదిహేను సంపుటాలూ నా వేలి మీదే.

"ఒక్క ప్రెస్సు కోసం ఎందుకు వదినా అంత చాకిరీ" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను.

"ఒక్కరున్నా ఆగుతామని రాశాను. ఆగలేదు. తలుపేసేశాను" అంది వదిన. "వెనక్కొచ్చి తియ్యాలి కదా."

తర్వాత కుర్చీ ఇటు తిప్పుకుంది. హాజరు జాబితా తెరిచినట్టుంది, ల్యాబులో పేర్లు పిలిచే గొంతుతో మా ప్రెస్సు పేరు చదివింది. పాత కంపైలర్, అచ్చుగది, ఎవరైనా ఉన్నారా అని అడిగి ఆగింది. ఆవిడ ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. లోపల లెక్కపెట్టుకున్నాను, ఒకటి, రెండు. మూడు కాకముందే "ఉన్నాం" అన్నాను.